నేను పూడ్చిన బావి

సహోదరులారా, సహోదరీలారా, ఒక మనిషి ఒక్క చెంబు నీళ్ళతో తానం చేసి, ఆ నీళ్ళు కింద పోకుండా తొట్టిలో పట్టి, దాంట్లోనే అంగీ పిండుకొని, ఆ పిండిన నీళ్ళతో వాకిలి కడిగి, ఇంకా కొన్ని మిగిలినయని చెప్పుకునే రోజులు మా ఇంటి మీదికి వచ్చినయి. నేను జర పెంచి చెప్పే మనిషినని మన సంఘమంతటికీ తెలుసు. అందుకే ఈ పత్రికకు సాక్ష్యం రాయమన్ననాడే మన పాస్టరు అయ్యగారు, "దేవదానం, నీకు తోచిందాంట్ల సగం తగ్గించి రాయి" అని చెప్పిన్రు. తగ్గించే రాస్తున్న. ఒక్క చెంబు కాదు, రెండు చెంబులు.

తెలంగాణ కోసం జనమంతా పని బందువెట్టి రోడ్డెక్కిన దినాలవి. బస్సులు డిపో గేటు దాటలేదు, బళ్ళు మూతపడ్డయి, ఆఫీసులకు తాళాలు పడ్డయి, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో కరెంటోళ్ళకే తెల్వదు. అల్మాస్‌గూడలో మేము కట్టుకున్న రెండర్రల ఇంటికి ఎండాకాలంలోనే బోరు ఎండిపోయింది, అప్పట్నుంచి ట్యాంకరే మాకు యొర్దాను నది. సమ్మెలో ఆ యొర్దాను కూడా ఆగింది. బోర్లలో నీళ్ళున్నోళ్ళకు మోటరు తిప్పనీకి కరెంటు లేదు, కరెంటు వచ్చిన గంటలో పట్టిన నీళ్ళు వాళ్ళ ఇంటికే సాలవు. నా భార్య సుగుణ, తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ రూతు పొద్దున లేచి చెరో బిందె పట్టుకొని రెండు కాలనీలు దాటి పోవుడు, ఒక బిందె నింపుకొని నలుగురితో మాటలు పడి వచ్చుడు, ఇదే పని. సుగుణకు నడుము పట్టేసింది. రూతుకు ఏ నీళ్ళు పడలేదో ఏమో, కామెర్లు వచ్చినయి.

దవాఖాన నుంచి రూతును తీసుకొచ్చిన పొద్దున సుగుణ ఖాళీ బిందె తెచ్చి నా ముందర పెట్టింది.

"ఏమయ్యా, బిడ్డ కండ్లు చూసినవా, పసుపు ముద్దలైనయి. నేను దీన్ని తీస్కొని నల్గొండ దిక్కు మా తల్లిగారింటికి పోత. ఆడనే బడిల ఏస్త. నువ్వు ఈ ఇల్లు పట్టుకొని ఉండు."

కష్టమొస్తే నవ్వించుడే నాకు తెలిసిన మందు. "మోషే బండను కొడితే నీళ్ళు రాలేదా సుగుణా" అన్న.

"నువ్వు మోషేవా? నీ చేతిల కర్రున్నదా?" అన్నది, నవ్వలేదు. "బస్సులు నడిచి బళ్ళు తెరిచే దినం దాకా చూస్త. ఆ లోపట నీళ్ళన్న రావాలె, మేమన్న పోవాలె."

అట్లని సంచి దులిపి బట్టలు సదురుడు మొదలువెట్టింది. సుగుణ ఉత్తగ బెదిరించే మనిషి కాదు. ఆమె ఆ ఇంట్లకెళ్ళి పోతే మళ్ళ రాదని నాకు ఎరుకే. బస్సులు లేకనే ఆగింది. అందరు బస్సులు నడవాలె ప్రభువా అని ప్రార్థన చేస్తుంటే, నేనొక్కణ్ణే నడవొద్దు ప్రభువా అని చేస్తున్న.

ఇక్కడ నా వ్యాపారం సంగతి చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. దిల్‌సుఖ్‌నగర్ లో నాకు వాడి పారేసే పళ్ళాల దుకాణం ఉండె. థర్మాకోల్ పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు. పెళ్ళి కానీ, పుట్టినరోజు కానీ, సమాధి కార్యక్రమం కానీ, దేవదానం పళ్ళాలు పరవందే మన దిక్కు ఎవ్వరూ ముద్ద మింగలేదంటే నమ్మాలె. "మీరు తిని లేవండి, ఎత్తిపోసుడు నా జిమ్మ" అని మాటిచ్చేవాణ్ణి, అదే నా వ్యాపార రహస్యం. గిదంతా ఎక్కడ పోస్తవన్నా అని ఎవరన్నా అడిగితే, "పటాన్‌చెరు అవతల ఒక ఫ్యాక్టరీ ఉన్నది, వాళ్ళు కరిగించి కుర్చీలు చేస్తరు, దవాఖానలల్ల రోగులు కూసునే కుర్చీలన్నీ మన పళ్ళాలే" అని చెప్పేవాణ్ణి. చెప్పంగ చెప్పంగ ఆ ఫ్యాక్టరీ గేటు రంగు కూడా నాకు కనపడేది. సుగుణ కూడా నమ్మింది, ఒకసారి సంఘంలో స్త్రీల కూడికలో నా భర్త చెత్తతో కుర్చీలు చేయిస్తడని దేవునికి స్తోత్రం కూడా చెప్పింది.

నిజమేందంటే, మా ఇంటెనుక ఖాళీ జాగలో ఒక పాత మోటబావి ఉండె. ఇవన్నీ కాలనీలు కాకముందు, ఎడ్లను కట్టి తోలుబొక్కెనతో నీళ్ళు తోడి మడులు పారించిన బావి. మా ఇంటి ప్రతిష్ఠ కూడిక అయిననాడు, అయ్యగారు ప్రార్థన చేసి ఆశీర్వదించి పోయినంక, మూడు వందల పళ్ళాలు ఎక్కడ పారేయాలో తోచక అందులో పోసిన. మొదటి పళ్ళెం వేసింది నేనే. ఆ తర్వాత ప్రతి కార్యానివి, రాత్రిపూట సుగుణ పండుకున్నంక, అందులోకే. నేను తొవ్వ చూపినంక కాలనీ అంతా ఆ తొవ్వనే నడిచింది, ఏడాదిన్నరలో బావి అంచుకు వచ్చింది.

అన్నింటికన్న పెద్ద పాపం వంటావార్పు దినాన జరిగింది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండి, జనమంతా రోడ్డు మీదనే కూసొని తిన్నరు. ఉద్యమం మీద ప్రేమతో పళ్ళాలన్నీ నేనే పంచిన. మా వాడకట్టు బాలమ్మ అవ్వ ఒక్కతే నా పళ్ళెం ముట్టలేదు, కొంగులకెళ్ళి మోదుగాకు విస్తరి తీసి అన్నం పెట్టిచ్చుకున్నది. తిన్నంక ఆ విస్తరి పక్కకు పెడితే, ఎక్కడ్నుంచి వచ్చిందో ఒక మేక దాన్ని పుల్లలతో సహా నమిలి మింగి, నా పళ్ళాల కుప్ప దగ్గరకు వచ్చి వాసన చూసి, నా మొఖం దిక్కు పెద్ద జడ్జి లెక్క చూసి పోయింది.

"మేక ముట్టనిదాంట్ల మనుషులకు ఎట్ల పెడుతున్నవు బిడ్డా?" అన్నది బాలమ్మ అవ్వ. నేను పెద్దగ నవ్వి, ఆ కుప్పనంతా ట్రాలీకి ఎత్తి బావిలో దింపిన.

మళ్ళ నీళ్ళ కాడికి వస్త. నేను ప్రార్థన చేయలేదని కాదు. మోకాళ్ళు కాయలు కాసేటట్టు చేసిన. "ప్రభువా, ఎక్కువ అడుగుత లేను, ఒక్క ట్యాంకరు, ఒకే ఒక్క ట్యాంకరును మా గల్లీలోకి తోలు, ఆ డ్రైవరు మనసు మెత్తగ చేయి, టైరు పంచరు కాకుండ చూడు" అని అన్నీ విడమరిచి అడిగిన. ట్యాంకరు రాలేదు.

ఆ గురువారం మా ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నం. బాలమ్మ అవ్వ విశ్వాసి కాదు గానీ, పాటలంటే ఇష్టం, ఆ తర్వాత ఇచ్చే చాయ్ అంటే ఇంకా ఇష్టం, ఎప్పుడూ వచ్చి గడప మీద కూసుంటది. ఆనాడు చాయ్‌కి నీళ్ళు లేవని చెప్పినా పోలేదు. అయ్యగారు ఇస్సాకు సంగతి చెప్పుతున్నరు: అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు పూడ్చేస్తే, కొడుకు ఇస్సాకు వచ్చి ఆ బావులనే మళ్ళ తవ్వించిండని. నేను కండ్లు మూసుకొని నీళ్ళ ట్యాంకరు గురించే ఆలోచిస్తున్న.

గడప మీదికెళ్ళి బాలమ్మ అవ్వ గొంతు వినపడ్డది. "అయ్యగారూ, గా ఫిలిష్తీయులు మా ఊర్ల కూడ ఉన్నరు."

అందరూ తిరిగి చూసిన్రు.

"మా మామ తవ్విచ్చిన బాయి. నేను కాపురానికొచ్చిననాడు దాంట్లకెళ్ళే నీళ్ళు తోడి కాళ్ళు కడిగిన్రు. ఎంత ఎండ కొట్టినా మూడు మెట్లకంటె కిందికి నీళ్ళు దిగకపోయేటివి. ఎవడో పళ్ళాలోడు పూడ్చిండు. వాడెవడో గానీ, దేవుడు వాణ్ణి నీళ్ళకు ఏడిపిస్తడు."

ఎనక గోడకు అవతల నీళ్ళు పెట్టుకొని నేను ట్యాంకరు కోసం ఏడుస్తున్న. నీళ్ళు ఇయ్యనిది దేవుడు కాదు, మూత పెట్టింది నేను.

అందరూ పోయినంక సుగుణ కాడికి పోయి, బట్టలు మడత పెడుతుంటే ముందర కూసొని ఉన్నదున్నట్టు చెప్పిన. నా బతుకులో పెంచకుండా తగ్గించకుండా చెప్పిన మొదటి మాట అదేనేమో. మొత్తం విని, మడత పెట్టేది ఆపింది.

"మరి కుర్చీలు?" అన్నది.

"లేవు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా లేదు సుగుణా."

"నేను సంఘంల స్తోత్రం చెప్పిన కదయ్యా" అని మళ్ళ బట్టలు మడత పెట్టుకున్నది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

అప్పుడు మోకరించి చేసిన ప్రార్థన మీకు చెప్పాలె. "ప్రభువా, ఆ ఫిలిష్తీయుణ్ణి నేనే. నువ్వు భూమిని నాకు వాడుకోనీకి ఇచ్చినవు, నేను దాని నోట్ల గుడ్డలు కుక్కిన. నాకు నీళ్ళు ఇయ్యమని అడిగే మొఖం లేదు. నా బిడ్డను, నా భార్యను ఈ ఇంట్లకెళ్ళి నా చేతులతోనే ఎల్లగొట్టుకుంటున్న. నేను పోసింది నేనే తీసే బలమియ్యి." అంతే. ట్యాంకరు మాట ఎత్తలేదు.

తెల్లారి బాలమ్మ అవ్వ ఇంటికి పోయి ఆ పళ్ళాలోణ్ణి నేనే అని ఒప్పుకున్న. ఆమె నోట్లోని తమలపాకు ఊసి, "నాకు ఎరుకే" అన్నది. "నువ్వు పోస్తుంటే ఎన్నోసార్లు చూసిన. నీయంతట నువ్వు ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న. పార ఉన్నదా ఇంట్ల?"

శుక్రవారం నేను, సుగుణ మొదలుపెట్టినం. నడుము పట్టేసిన మనిషి, వద్దన్నా వినలేదు, "నీతోని కుర్చీలు చేయించనీకి కాదు, నిజంగ తీస్తవా లేదా చూడనీకి వచ్చిన" అన్నది. తీసినకొద్దీ ఆశ్చర్యం. మిగిలిన అన్నం మట్టయింది, పూలు మట్టయినయి, కాగితాలు మట్టయినయి, పళ్ళెం ఒక్కటి మాత్రం నిన్న తిని పారేసినట్టే తెల్లగ, పులావు నూనె మరకతో సహా నా మొఖం చూసింది. లేచి అరుగు మీద కూసున్న రూతు, నీరసంగనే, ఒక్కొక్క పళ్ళెం చూసి, "నాన్నా, ఇది మేరక్క పెళ్ళిది, ఇది మన ఇంటి ప్రతిష్ఠది" అని గుర్తువడుతుంటే నేను భూమిలోకి దిగిపోతున్న. దిగాల్సిన దిక్కు అదే గనక ఏమనలేదు.

మధ్యాహ్నానికి గోడ పక్కన ఒక మనిషి వచ్చి నిలబడ్డడు. పక్కింటి ప్రసాదరావు గారు, గుంటూరు దిక్కునుంచి వచ్చి స్థిరపడ్డ రిటైరైన లెక్కల మాస్టారు. ఉద్యమం మీద మాటా మాటా పెరిగి మా ఇద్దరికీ రెండు నెలల నుంచి పలకరింపులు లేవు.

"దేవదానం గారూ, మనకి మాటల్లేవన్న సంగతి గుర్తుపెట్టుకునే అడుగుతున్నాను. ఇంకో పార ఉందా?"

బాలమ్మ అవ్వ అడ్డం పడ్డది. "సారూ, మీరు మీ ఊరికి పోతరేమో అనుకుంటిమి?"

"పోతానేమో లేమ్మా. నీళ్ళు తాగి పోతాను" అని పంచె ఎగ్గట్టి దిగిండు. చెత్తకు ఏ ప్రాంతం లేదు సహోదరులారా, ఆయన వేసిన సంచులు కూడా నా పళ్ళాల పక్కనే పడుకొని ఉన్నయి, ఆయనే ఏరుకొని పైకి పంపిండు.

శనివారం సాయంత్రానికి రాతికట్టు కనపడ్డది, మెట్లు కనపడ్డయి, నీళ్ళు కనపడలేదు. అడుగున ఊటలన్నీ మూసేసిన నల్లటి బురద, దాని వాసన గురించి అయ్యగారు రాయొద్దన్నరు. ఆ సాయంత్రమే వార్త వచ్చింది, సోమవారం నుంచి బస్సులు నడుస్తయి, బళ్ళు తెరుస్తరు అని. కాలనీ అంతా సంబరపడుతుంటే సుగుణ సంచి మూతి కట్టేసి తలుపు పక్కన పెట్టింది. నేను ఆ సంచిని చూసుకుంట కూసున్న. మాట ఇచ్చినంక తప్పే మనిషి కాదామె, తప్పమని అడిగే హక్కు నాకు లేదు.

ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సంఘమంతటి ముందర ఒప్పుకున్న, ఫ్యాక్టరీ సంగతి, కుర్చీల సంగతి, మీ అందరి పెళ్ళిళ్ళ పళ్ళాల సంగతి. రేపు నా భార్యాబిడ్డలు పోతున్నరని చెప్పిన. ఈరోజు పారవట్టుకుంటే విశ్రాంతి దినం మీరినట్టయితదా అని అయ్యగారిని అడిగిన.

"విశ్రాంతి దినాన ఎద్దు గుంటల పడితే తీయొచ్చని ప్రభువే చెప్పిండు కద" అన్నరు ఆయన. "ఇక్కడ పడ్డది ఎద్దు కాదు, దేవదానం. అయినా తీద్దం పదండి."

సహోదరులారా, ఆనాటి మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తది. తెల్లబట్టలు వేసుకొని ఆరాధనకు వచ్చిన సంఘం తెల్లబట్టలతోనే నా వెంట నడిచింది. వనస్థలిపురంలో సమ్మెలో ఉన్న ఉద్యోగస్తులు, పెన్ను తప్ప ఏదీ పట్టనోళ్ళు, బొక్కెన పట్టిన్రు. బాలమ్మ అవ్వ ముందు దీపం వెలిగించి తాడుతో లోపటికి దింపింది, దీపం ఆరకపోతేనే మనిషి దిగాలె అని. దీపం ఆరలేదు. మెట్ల మీద పైనుంచి కిందిదాకా వరుసగ నిలబడి బురద బొక్కెన్లు చేతులు మార్చుకుంట, పాటలు పాడుకుంట, అందరికన్న అడుగున నేను, నా పైన ప్రసాదరావు మాస్టారు. వెయ్యి బొక్కెన్లు తీసినం. సరే, మూడు వందలు.

పొద్దు వాలేముందు నా కాలికింద చల్లగ తగిలింది. చెమటేమో అనుకున్న. చూస్తే రాళ్ళ సందుల్లోంచి, చిన్న వేలంత, తెల్లగ, ఎవరి కోసమూ ఆగకుండా ఊరుతున్నది. అరవనీకి నోరు తెరిచిన గానీ మాట రాలేదు, మాటలు రాక నేను ఆగిన దినం అదొక్కటే. మాస్టారే వంగి చూసి, "వచ్చిందండీ, వచ్చింది" అని పైకి కేక పెట్టిండు. పైన ఎవరో స్తోత్రం అన్నరు, ఆ స్తోత్రం మెట్టుమెట్టుకు పైకి పోయి గల్లీలో పడ్డది. దేవునికే మహిమ!

మొదటి నీళ్ళు బురదవి, అవి తోడి పారబోసినం. సోమవారం పొద్దున లేచి చూస్తే రెండు మెట్లు మునిగి నీళ్ళు తేటగ ఉన్నయి. బయట రోడ్డు మీద చాలా దినాల తర్వాత బస్సు హారను వినపడ్డది. నేను చేదతో నీళ్ళు తోడి తొట్టి నింపి పక్కకు నిలబడ్డ. సుగుణ తలుపు పక్కనున్న సంచి తీసుకొని బయటికి వచ్చింది. తొట్టి కాడికి వచ్చి, సంచి మూతి విప్పి, మడత పెట్టిన బట్టలన్నీ ఒక్కొక్కటి నీళ్ళలో ముంచింది.

"నీళ్ళు లేక ఉతకకనే సదిరిన" అన్నది. "తడిబట్టలతోని ఏ బస్సెక్కుత? ఆ సబ్బు ఇటియ్యి."

అట్ల మా ఇల్లు నిలబడ్డది సహోదరులారా. రూతు కామెర్లు మెల్లమెల్లగ తగ్గి బడికి పోయింది. బావి నీళ్ళు అప్పుడే తాగలేదు, బాలమ్మ అవ్వ తాగమన్నా మాస్టారు తాగనియ్యలేదు. నాలుగుసార్లు పూర్తిగ తోడి, బ్లీచింగ్ వేసి, పరీక్ష చేయించి, కాచి వడబోసే తాగినం. తీసిన పళ్ళాలు నెల దినాలు బస్తాల్లో మా మిద్దె మీదనే ఉన్నయి, మున్సిపాలిటీ బండి మళ్ళ తిరిగేదాకా. థర్మాకోల్‌ను పాతసామాను కొనేటాయన కూడ ముట్టలేదు. ఎవరి చెత్త వాళ్ళ నెత్తి మీద ఉంటే ఎట్లుంటదో ఆ నెల నేర్చుకున్నం.

ఆ తర్వాత మా ఇంట్ల పద్ధతి మారింది. మిద్దె మీద పడ్డ వాన పైపులోంచి దిగి ఇసుక, కంకర దాటి బావిలోకే పోతది. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, తానం నీళ్ళు అరటికి. కూరగాయల తొక్కలు పెరట్లో గుంతలో మట్టయి మళ్ళ వంకాయలై వస్తున్నయి, ఒక్కొక్క వంకాయ సొరకాయంత, అయ్యగారు ఇది కొట్టేస్తరేమో చూడాలె. రొట్టెలు పంచిన ప్రభువే, అందరూ కడుపునిండ తిన్నంక, మిగిలిన ముక్కలు కూడ వేస్టు కాకుండా గంపలకెత్తమన్నడని సుగుణ రూతుకు చెప్తది. అంత చేయగలిగిన దేవుడికే ముక్కల లెక్క ఉంటే, ఒక్క మెతుకు కూడ చేయలేని మనకు ఎంత ఉండాలె.

దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో ఇప్పుడు స్టీలు పళ్ళాలు కిరాయికిస్తున్న. కడిగి ఇచ్చుడు నా జిమ్మ. ఆకు విస్తర్లు కావాలంటే బాలమ్మ అవ్వ కూసొని కుట్టిస్తది, పది మంది ఆడోళ్ళకు పని దొరికింది. నా గిరాకీ సగం తగ్గింది, ఏడ్చిన దినాలు కూడ ఉన్నయి, దాస్తే దేవుడు మెచ్చడు. కానీ మా ఇంటికి ఇప్పుడు ఎవరైనా వచ్చి, గీ చెత్త ఎక్కడ పోస్తవన్నా అని అడిగితే, చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకపోయి చూపిస్తున్న.

నా చేత ఇది చేయించిన ప్రభువుకు వందనాలు. నాతో మెట్లు దిగిన సంఘానికి, గుంటూరు మాస్టారుకు, గడప మీద కూసొని నన్ను పట్టిచ్చిన అవ్వకు వందనాలు. మీలో ఎవరికన్నా ఎన్నిసార్లు అడిగినా జవాబు రాలేదన్న దిగులుంటే, దేవుడు విననట్టు కాదని నా బతుకే చెప్తున్నది. ఒక్కోసారి ఆయన నీళ్ళు పంపడు, పార చేతికిస్తడు, పట్టుకున్నోని పక్కన తానే నిలబడి తోడుతడు. ఆయనను నమ్మండి. నమ్మలేకపోతున్నమంటే, వచ్చే ఆదివారం ప్రేమవిందుకు మా సంఘానికి రండి. పప్పు, వంకాయ కూర ఉంటయి. తిన్నంక ఎవరి పళ్ళెం వాళ్ళే కడగాలె, నేను తొట్టి కాడనే నిలబడి ఉంట. పక్కపక్కన నిలబడి పళ్ళాలు తోముకుంట మీ బాధేందో చెప్పండి, చేతులు తడిగ ఉండంగనే ప్రార్థన చేసుకుందం.